మందులకు బందు లేదు

పటేల్ పోయాడని మా అన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను జనగామలో, కాలేజీ స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. ఎనభై దాటిన మనిషి, మంచాన పడి నెలయింది, ఆశ్చర్యమేమీ లేదు. ఎప్పుడు అని గానీ ఎట్లా అని గానీ అడగలేదు. నా నోట మొదట వచ్చిన మాట, "రేకులింటోళ్లు వచ్చిండ్రా?"

అన్న, "ఊరంత వచ్చింది. ఆళ్లు రాలే. తలుపు సుత తియ్యలే" అన్నాడు.

రేకులింటివాళ్లంటే మా వాడలోనే సిమెంటు రేకుల ఇంట్లో ఉండే మొగుడూ పెళ్లాలు. నాలుగేళ్ల కిందటి దాకా ఆ ఇంట్లో ముగ్గురు. ఆ ఇంటాయన నోటి నుంచి ఒక్క మాట, తిట్టయినా సరే, విని పోవాలని పటేల్ ఈ నాలుగేళ్లూ ఎదురు చూశాడు. వినకుండానే పోయాడు. మంచిదే అయింది అని నాకు మొదట అనిపించింది. అట్లా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు. కానీ ఆ తర్వాత ఒక్క పేపరూ దిద్దలేకపోయాను.

మా ఊరు రేగొండకు దగ్గర. ఆయన పేరు ఊళ్లో ఎవరూ పలికేవాళ్లు కాదు, నేనూ రాయను. పటేల్ అంటే ఆయనే. సర్పంచులు మారారు, పార్టీలు మారాయి, చివరికి జిల్లా కూడా మారింది, పంచాయితీ మాత్రం ఆయన వాకిట్లోనే జరిగింది. సన్నటి మనిషి. తెల్ల బనీను, పంచె, భుజం మీద తువ్వాల. గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. పెద్ద మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంకాస్త తగ్గించేవాడు. వినాలంటే జనమంతా ముందుకు వంగాల్సిందే. అది నేర్చుకున్న విద్యో పుట్టుకతో వచ్చిందో తెలియదు గానీ, క్లాసులో నేనూ రెండు మూడుసార్లు ప్రయత్నించి చూశాను. వెనక బెంచీలవాళ్లు హాయిగా నిద్రపోయారు.

పంచాయితీకి కూచుంటే ఆయన ముందు చాటలో పల్లికాయ ఉండాలి. రెండు పక్షాలూ అరుచుకుంటుంటే ఆయన తల వంచుకుని ఒక్కో కాయా ఒలిచేవాడు. ఒక్క గింజ నోట్లో వేసుకునేవాడు కాదు. తీర్పు చెప్పినాక ఆ గింజలు రెండు దోసిళ్లలో సమానంగా పోసేవాడు. తింటే తీర్పు ఒప్పుకున్నట్టు. కాగితం లేదు, సంతకం లేదు. మా ఊళ్లో ఎన్ని గట్టు తగాదాలు, ఎన్ని మొగుడూ పెళ్లాల తగాదాలు ఆ పిడికెడు పల్లీలతో తెగిపోయాయో.

ఇంకో పద్ధతి ఉండేది. ఇది నిజంగా గొప్ప పద్ధతి. ఆయన మీద ఎంత కోపం ఉన్నా ఈ మాట దాచను. ఎవడైనా వచ్చి తన గోడు మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపేవాడు.

"నీ లొల్లి తరువాత. ముందుగాల ఆని లొల్లి నువ్వు చెప్పు. నీ లొల్లి ఆడు చెప్తడు."

అవతలివాడి ఫిర్యాదును నువ్వు చెప్పాలి. వాడు "అవ్, నా బాధ గదే" అని ఒప్పుకునేదాకా చెప్పాలి. ఒకసారి బోరు మోటారు గురించి కొట్టుకున్న అన్నదమ్ములు వచ్చారు. తమ్ముడు అన్న గోడు చెప్పడం మొదలుపెట్టి, "నాయిన పోయినంక నన్ను సదివిచ్చిండు, పెండ్లి చేసిండు, ఇప్పుడు నీళ్లకాడ నేను..." అని అక్కడే ఆగిపోయాడు. ఇక పంచాయితీ అవసరం లేకపోయింది. నేను అంతర్జాతీయ సంబంధాలు పాఠం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి. లావుపాటి పుస్తకాల్లో ఇంత సూటిగా చెప్పిన మాట నాకు కనిపించలేదు. అప్పటినుంచీ ఆదివారం ఊరికి పోతే అన్న ఇంట్లో అన్నం తిని నేరుగా పటేల్ వాకిట్లోకి పోవడం అలవాటయింది. చిన్నప్పుడు నన్ను "ఏంరా" అన్న మనిషి, నేను లెక్చరర్ అయినాక "సారూ" అనేవాడు. అందులో గౌరవం సగం, ఎకసెక్కం సగం.

ఆయన టీవీలో యుద్ధం వార్తలు చూసేవాడు, కానీ మాట వినిపించకుండా గొంతు నొక్కేసి చూసేవాడు.

"మాటలింటే ఎటో ఓ దిక్కు మొగ్గుతం, సారూ. ఊకె బొమ్మలు చూడు. ఎవని ఇల్లు కూలింది, ఎవని పిల్ల ఏడుస్తాంది, గంతే."

ఐక్యరాజ్యసమితి గురించి నేను ఎంతో ఓపికగా చెప్పాను. అయిదు పెద్ద దేశాలున్నాయి, వాటిలో ఏ ఒక్కటి వద్దన్నా తీర్పు ఆగిపోతుంది అన్నాను.

ఆయన పల్లికాయ ఒలవడం ఆపాడు. "లొల్లి పెట్టుకున్నోడే పెద్దమనిషయి కూసుంటడా?"

"ఒక్కోసారి అంతే, పటేలా."

"థూ! గదేం పంచాది? ఆని చేతుల పల్లీలు ఎవలు పొయ్యాలె?"

నేను ఆ రోజంతా నవ్వుకున్నాను. సోమవారం క్లాసులో కూడా చెప్పాను, పిల్లలు నవ్వారు. మా ఊరి పంచాయితీల్లోనూ అప్పుడప్పుడు అదే జరుగుతుందన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా చెప్పేవాణ్ణి కాదులెండి.

ఆయనకు నెత్తురంటే పడదు. ఆయన అన్నను నక్సలైట్ల రోజుల్లో చెలక గట్టు మీద కాల్చి చంపారు. అడవి నుంచి వచ్చినవాళ్లా, పోలీసులా అన్నది ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. శవాన్ని ఎడ్లబండి మీద తెచ్చింది ఈయనే. "నెత్తురు చూసినోన్ని, సారూ. నేను కూసున్నంక ఈ ఊళ్లె చెయ్యి లేవలే, కట్టె లేవలే" అనేవాడు. అది నిజం. తీర్పు వినని వాడి మీద కూడా ఆయన చెయ్యి ఎత్తనివ్వలేదు. దానికి ఆయన దగ్గర వేరే మందు ఉండేది. మాట బందు.

మాట బందు అంటే, ఆ ఇంటితో ఊళ్లో ఎవరూ మాట్లాడరు. దుకాణంలో సామాను ఇవ్వరు, కూలికి పోరు, కూలికి పిలవరు, ఆటో ఎక్కించుకోరు. ఎవరైనా మాట్లాడితే వాళ్లకూ అదే బందు. వాళ్ల ఒంటి మీద ఒక్క దెబ్బ పడదు. పదిరోజులకో పదిహేను రోజులకో వాళ్లే వచ్చి వాకిట్లో నిలబడతారు, పల్లీలు తింటారు, అయిపోతుంది. దీన్ని చూసి నేను మురిసిపోయాను. యుద్ధానికి నైతికమైన ప్రత్యామ్నాయం ఆర్థిక ఆంక్షలు అని పుస్తకాల్లో రాసిందాన్ని మా ఊరి పటేల్, ఏ పుస్తకమూ చదవకుండా, ఎన్నో ఏళ్లుగా నడుపుతున్నాడని ఒక వ్యాసం కూడా రాశాను. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరి మీద కూడా ఎన్నడూ మాట బందు పడలేదు.

నాలుగేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, చెలకల్లోకి ట్రాక్టరు పోయే బాట గురించి లొల్లి వచ్చింది. బాట వెడల్పు చెయ్యాలి. ఒక పక్క రేకులింటాయన ఎకరం, ఇంకో పక్క పటేల్ బామ్మర్ది చెలక. బాట రేకులింటాయన వైపు నుంచే పోతుందని పటేల్ తీర్పు చెప్పాడు. అవతలి గట్టు ఎవరిదో వాకిట్లో కూచున్న అందరికీ తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను.

రేకులింటాయన మాటకారి కాదు. పొట్టిగా, బలంగా ఉండేవాడు. పటేల్ తన పద్ధతిలోనే అడిగాడు, "ముందుగాల ఆళ్ల లొల్లి నువ్వు చెప్పు."

"ఆళ్ల లొల్లి ఆళ్లే చెప్పుకుంటరు, పటేలా. భూమి పోయేది నాది. నా లొల్లి నేను చెప్తె ఇనుండ్రి."

పటేల్ పల్లీలు అతని దోసిట్లో పోశాడు. అతను ఒక్క గింజ కూడా జారకుండా అన్నీ మళ్లీ చాటలో పోసేసి, తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. మూడోరోజు ఠాణాలో దరఖాస్తు ఇచ్చాడు. ఊరి లొల్లి ఊరు దాటించడం పటేల్ దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. మరుసటి ఆదివారం మళ్లీ వాకిట్లో జనం చేరారు. రేకులింటాయన రాలేదు. పటేల్ గొంతు తగ్గించి, "మాట బందు" అన్నాడు.

జనం లేవబోయారు. ఆయన చెయ్యెత్తి కూచోమన్నాడు.

"ఒక్కటి ఇనుండ్రి. ఆనింట్ల పిల్లకు షుగరు బీమారున్నది. మందులకు బందు లేదు. యాది పెట్టుకోండ్రి."

ఆ మాటకు నాకు ఒళ్లు పులకరించింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మానవతా మినహాయింపు! నేను జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశాను. పటేల్ అది చూశాడు, మీసాల్లో నవ్వాడు కూడా.

ఆ పిల్ల పదో తరగతి. తొమ్మిదేళ్లప్పటి నుంచీ రోజూ ఇన్సులిన్ సూది వేసుకునేది, తన చేత్తో తానే. ఇన్సులిన్ చల్లగా ఉండాలి. వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ లేదు. వాడ మలుపులో ఉన్న కిరాణం దుకాణం ఫ్రిజ్‌లో, కూల్‌డ్రింకుల పక్కన, ఒక చిన్న స్టీలు డబ్బాలో ఆ పిల్ల సీసాలు ఆరేళ్లుగా ఉండేవి. పొద్దున బడికి పోతూ ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి డబ్బా తీసుకునేది, సూది వేసుకుని మళ్లీ పెట్టేసేది. దుకాణపామెను చిన్నమ్మా అని పిలిచేది. ఆమె ఆ డబ్బా మీద చెయ్యి కూడా వేయనిచ్చేది కాదు ఎవరినీ.

బందు పడ్డ రెండోరోజు పొద్దున ఆ డబ్బా రేకుల ఇంటి ప్రహరీ మీద ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదు. ఒక మాట లేదు, కబురు లేదు. దుకాణాయన తర్వాత మా అన్నతో అన్నాడట, "మందులకు బందు లేదన్నడు, నిజమే. గని ఫ్రిజ్ల పెట్టుడు మందుల కింద వస్తదా, సామాను కింద వస్తదా? ఎవలకెరుక? పటేల్‌ను అడుగుడెందుకు, పరేషాన్ ఎందుకు అని తెచ్చి పెట్టినం." ఏ దేశం మీద ఆంక్షలు పెట్టినా మందులకు మినహాయింపు ఉందని కాగితం మీద రాస్తారు. బ్యాంకువాడు భయపడి పైకం పంపడు, ఓడవాడు భయపడి పెట్టె ఎక్కించడు. అడిగితే ఎవరూ వద్దనలేదంటారు. ఈ సంగతి నేను అంతకు ముందు పదేళ్లుగా బ్లాక్‌బోర్డు మీద రాస్తున్నాను. మా అన్న ఇంటికి నాలుగిళ్ల అవతల అదే జరుగుతుంటే గుర్తుపట్టలేదు.

రేకులింటాయన కొత్త కుండ తెచ్చి, ఇసుక పోసి తడిపి, డబ్బాను అందులో పెట్టాడు. అది వట్టి మూర్ఖపు పని కాదు, చాలామంది చేసేదే. కానీ అవి సిమెంటు రేకులు, కింద పెట్టిన కొబ్బరినూనె కాగిపోయే ఎండలు. ఆ పిల్ల రోజూ రెండు పూటలా సూది వేసుకుంటూనే ఉంది. సీసాలో మందు ఉంది, మందులో సత్తువ పోయింది. చూస్తే తెలియదు.

ఆ మధ్యలో ఒక ఆదివారం నేను ఊరికి పోయాను. అన్న ఇంటికి పోవాలంటే ఆ గడప ముందు నుంచే పోవాలి. ఆ పిల్ల అరుగు మీద కూచుని సాంఘికశాస్త్రం పుస్తకం చదువుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, పక్కన చెంబు నిండా నీళ్లు. "నమస్తే సార్" అంది. నేను ఫోను చెవికి పెట్టుకుని "హలో, హలో" అంటూ దాటిపోయాను. అవతల ఎవరూ లేరు. నేను ఊరివాణ్ణి కాదు, నా రేషన్ కార్డు జనగామలో ఉంది, కానీ మా అన్న ఉన్నాడు కదా, ఆయనకు కూలీలు కావాలి, దుకాణంలో సామాను కావాలి... ఇట్లా ఏదో అనుకున్నాను. నన్ను మాట్లాడొద్దని ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు.

అదే వారం మా కాలేజీలో శాంతి గురించి సదస్సు పెట్టుకున్నాం. ప్రత్యేక అతిథి మా పటేల్. నా ఆలోచనే. కారులో తీసుకొచ్చాను. కొత్త పంచె కట్టుకుని, దారంతా అద్దం దించి వరంగల్ కట్టడాలు చూస్తూ వచ్చాడు. వేదిక మీద మైకు ఉన్నా గొంతు పెంచలేదు. హాలంతా ముందుకు వంగింది. పెద్ద దేశాలు ఒకదాన్నొకటి కొట్టుకోకుండా మాట బందు పెట్టుకుంటే చాలదా, తుపాకీ ఎందుకు, నెత్తురెందుకు అన్నాడు. మూడో వరసలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, గట్ల బందు పెడితే బీమారోళ్లు, చిన్నపిల్లలు ఏం కావాలె?"

మంచి ప్రశ్న. నేను తలాడించాను. పటేల్ నా వైపు చూసి, ఆ అమ్మాయి వైపు తిరిగి అన్నాడు.

"మంచిగడిగినవు, బిడ్డా. మా ఊళ్లె ఇప్పుడు ఓ ఇంటికి బందున్నది. ఆ ఇంట్ల బీమారు పిల్ల ఉన్నది. మందులకు బందు లేదని పదిమంది ముంగట చెప్పిన. మీ సారు పుస్తకంల సుత రాసుకున్నడు."

చప్పట్లు. ప్రిన్సిపాల్ శాలువా కప్పాడు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేను. చేతులు మండాయి కూడా.

నాలుగురోజులకు ఆ పిల్లకు వాంతులు మొదలయ్యాయి. వడదెబ్బ అనుకున్నారు. ఊళ్లో ఆటోవాళ్లు ఇళ్లల్లోనే ఉన్నారు, ఆటోలు వాకిళ్లలోనే ఉన్నాయి. రేకులింటాయన పిల్లను బండి మీద నడుమ కూచోబెట్టుకుని, తల్లి వెనక పట్టుకుని, మిట్టమధ్యాహ్నం పరకాల దాకా, అక్కడి నుంచి వరంగల్ దాకా పోయారు. దవాఖానలో డాక్టరు సీసా తీసి వెలుతురుకు పెట్టి చూసి, ఇది ఎక్కడ పెట్టారమ్మా, వేడికి పాడైపోయింది అన్నాడట. ఆ రాత్రి గడవలేదు.

పటేల్ ఆ పొద్దునే బందు ఎత్తేశాడు. "సావుకు బందు లేదు" అన్నాడు. ఊరంతా కదిలింది. బియ్యం తెచ్చినవాళ్లు, కట్టెలు తెచ్చినవాళ్లు, ఏడ్చినవాళ్లు. దుకాణపామె గుండెలు బాదుకుని ఏడ్చింది, అది దొంగ ఏడుపు కాదు. ట్రాక్టర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. రేకులింటాయన ఎవరినీ రావొద్దనలేదు, రమ్మనలేదు. గూడూరు నుంచి పెళ్లాం తరఫు మనుషులు నలుగురు వచ్చారు, వాళ్లతోనే పని కానిచ్చాడు. ఆ రోజు నుంచి ఊళ్లో ఒక్క మనిషితో మాట్లాడలేదు. కూలీలను మొగుళ్లపల్లి నుంచి తెచ్చుకుంటాడు, సామాను భూపాలపల్లి నుంచి తెచ్చుకుంటాడు. బాట చివరికి ఆయన భూమిలోంచే వేశారు. అడ్డు కూడా రాలేదు.

ఊరంతా కలిసి ఒక ఇంటికి పెట్టిన బందును ఒక ఇల్లు ఊరంతటికీ పెట్టింది. ఊరికేం కాలేదు. నెలరోజులకు మరిచిపోయింది. పటేల్ ఒక్కడే మరిచిపోలేకపోయాడు.

ఆయన పంచాయితీలు మానేశాడు. సాయంత్రం కర్ర పట్టుకుని నడిచి వచ్చి రేకుల ఇంటి ఎదురుగా, రోడ్డు అవతల, కరెంటు స్తంభం కింద రాయి మీద కూచునేవాడు. తలుపు మూసే ఉండేది. చీకటి పడబోతుండగా లేచి పోయేవాడు. మా అన్న ఒకసారి "ఎందుకు పటేలా, ఎండల?" అంటే, "తిట్టనీ. తిడితె పోత" అన్నాడట. నేను ఆయన దగ్గరికి పోవడం తగ్గించాను. నాకు ఆయన మీద అసహ్యం పుట్టింది. క్లాసులో పాఠం మార్చేశాను. ఆంక్షలు పెట్టే పెద్దమనుషుల చేతులకు నెత్తురంటదు గానీ వాళ్లు చేసేదీ చంపడమేనని చెప్పేవాణ్ణి. చెబుతున్నప్పుడల్లా ఆయన బనీనూ, తువ్వాలా కళ్లముందుకు వచ్చేవి. కోపంగా చెప్పే పాఠం పిల్లలకు బాగా ఎక్కుతుంది, మంచి పేరొచ్చింది నాకు.

ఆయన పోవడానికి మూడు వారాల ముందు కబురు పంపితే వెళ్లాను. మంచం వాకిట్లోనే వేశారు. మనిషి సగం కూడా లేడు.

"సారూ, జర ఆని తానికి పో. చదువుకున్నోనివి, నీతోని మాట్లాడ్తడేమో."

"ఏమని అడగాలె పటేలా?"

"ఒక్క మాట అనమను. దుష్మన్ అనమను. నా బిడ్డను సంపినవు అనమను. ఏదన్న అనమను."

పోయాను. అతను లోపల నులక మంచం బిగిస్తున్నాడు. నన్ను చూసి చేతిలో పని ఆపలేదు. అతని పెళ్లాం గడపలో అడ్డంగా నిలబడింది. కూచోమనలేదు. నేను వచ్చిన పని చెప్పాను. అతను తాడు గుంజుతూనే ఉన్నాడు. ఆమే మాట్లాడింది.

"ఆయన మాట్లాడడు సారూ. నేను చెప్త, పోయి చెప్పు. మందులకు బందు లేదని పటేల్ అన్నడట గదా? నా బిడ్డ దినాలనాడు దుకాణపామె ఏడ్సుకుంట చెప్పింది. 'పటేల్ వద్దనలే అక్కా, మేమే భయపడ్డం' అన్నది. గప్పటిదాక మాకెరుకనే లేదు. ఎవలు చెప్తరు? ఎవలు మాట్లాడిండ్రు మాతోని? పటేల్ గట్ల అన్నడని ఎరుకుంటే నేను ఊకుంటుంటినా? ఆ దుకాణం ముంగట కూసుండి గల్ల పట్టి అడుగుతుంటి. పెట్టు నా పిల్ల డబ్బా ఫ్రిజ్ల, పటేలే చెప్పిండు అని కొట్లాడుతుంటి. ఒక్కలు, ఒక్కలన్న చెప్పకపోయిరి."

ఆమె ఏడవలేదు. చెప్పడం అయిపోయి లోపలికి పోయింది. నేను వచ్చిన దారినే తిరిగి పోయాను. నిజం చెబితే, దారిలో నాకు ఒక రకమైన తృప్తి కలిగింది. ఈ మాట పటేల్ ముందు పెట్టాలి, ఆయన మొహం చూడాలి అనుకున్నాను. నాలుగేళ్ల పాఠానికి ముగింపు దొరికింది కదా.

ఒక్క అక్షరం వదలకుండా చెప్పాను. పటేల్ కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు వస్తాయని చూశాను. రాలేదు. కళ్లు తెరిచి పెదవులు కదిపాడు. వినపడలేదు. నేను మంచం మీదికి వంగాను.

"బందు పెట్టినోన్ని, ఆ గడప నేనెట్ల ఎక్కుత? ఊరోళ్లు భయపడ్డరు, ఆళ్లు సుత ఎక్కలే. నువ్వు ఊరోనివి గాదు, సారూ. నీకు బందు లేకుండె. ఆ మాట నువ్వు ఇన్నవు, పుస్తకంల రాసుకున్నవు. ఆ ఇంటి ముంగటికెల్లే పోయినవు. నువ్వన్న చెప్పకపోతివా?"

ఆ గొంతులో నింద లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

మందులకు బందు లేదన్న ఆ మాటను నేను జనగామలో మూడు సెక్షన్ల పిల్లలకు చెప్పాను. హైదరాబాదులో సదస్సులో చదివాను. అచ్చులో కూడా వచ్చింది, నా పేరుతో. మా అన్న వాకిట్లో నిలబడి కాస్త గట్టిగా పిలిస్తే ఆ ఇంటికి వినపడుతుంది.

ఆయన నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. బస్సుకు టైమైందని చెప్పి లేచాను. నా కారు ఆయన మంచం ఎదురుగానే ఆగి ఉంది.